గోడ మీద వాటా

మొన్న ముఖలింగం జాతరకి వెళ్లాను. దేవుణ్ణి చూసుకుని, వంశధార ఇసకలో కాసేపు తిరిగి బయటికి వస్తుంటే వెనకనుంచి ‘ఠప్’మని చప్పుడు వినిపించింది. చుట్టూ జనం, మైకులు, బూరాలు, బెల్లం జీళ్ల వాళ్ల కేకలు. అంత గోలలోనూ ఆ చప్పుడొక్కటీ నా చెవికి విడిగా తగిలింది. వెంటనే తలెత్తి చెట్టుకొమ్మల్లోకి చూశాను, పిట్ట ఎక్కడ రాలుతుందా అని. తీరా చూస్తే అది బుడగలు పేల్చే కొట్టు. ఎవరో కొత్త పెళ్లికొడుకు ఎయిర్‌గన్ను పట్టుకుని పెళ్లాం ముందు గొప్పలు పోతున్నాడు. కొట్టాయన మాత్రం సీసపు గుళ్లు నాలుగు బుగ్గలో దాచుకుని, ఒక్కొక్కటే నోట్లోంచి తీసి తుపాకీలో పెడుతున్నాడు.

ఆ బుగ్గ చూడగానే తుపాకీ మావ గుర్తొచ్చాడు. గుర్తొచ్చాడంటే మర్యాదగా రాలేదు. పక్కనే నిలబడి "ఒరే డాట్రూ, నీ దగ్గుకి ఎగిరిపోనాదిరా పిట్ట" అని కసిరినట్టే అయింది.

నేను డాక్టర్ని కాను. చీపురుపల్లికి కాస్త ఎడంగా ఉన్న ఒక ఊళ్లో పశువుల ఆసుపత్రి కాంపౌండర్‌గా చేశాను. కానీ ఆ ఊళ్లో గేదెకి సూది వేసేవాడెవడైనా డాట్రే. మా ఆవిడ ఉద్యోగం శ్రీకాకుళంలో, నా ఉద్యోగం ఇక్కడ. వారమంతా ఒక్కణ్ణే ఒక గదిలో పడి ఉండేవాణ్ణి. నా గది కిటికీ ఆయన పెరట్లోకి తెరుచుకునేది. అలా పరిచయం. ఆయన పేరు ఊళ్లో ఎవరూ అనేవారు కాదు, కనక నేనూ అనను. అందరికీ తుపాకీ మావే.

పొడవాటి మనిషి, కాస్త వంగిన మెడ. ఆ మెడ ఎయిర్‌గన్ను చెంపకి ఆనించి ఆనించి అలా అయిపోయిందని ఆయనే చెప్పుకునేవాడు. తుపాకీ కర్రకి రోజూ కొబ్బరినూనె రాసేవాడు గానీ తన తలకి రాసుకోగా నేను చూడలేదు. పొలాల్లోకి వెళ్తే చెప్పులు గట్టు మొదట్లోనే విడిచేసేవాడు. గొట్టం మధ్యకి విరిచి, బుగ్గలోంచి ఒక గుండు తీసి పెట్టి, మూసి, కన్ను ఆనించి, "నిలబడమ్మా, నిలబడు నాయినా" అని పిట్టని బతిమాలేవాడు. గువ్వో, కంజు పిట్టో, వరిచేలో నిలబడ్డ కొంగో. పడితే ఆయన గొప్ప. పడకపోతే తప్పు ఎప్పుడూ ఇంకొకరిది. గాలి, ఎండ, నా దగ్గు, నా చొక్కా రంగు, అవతలి గట్టు మీద నడిచే గేదె. ఏదీ దొరక్కపోతే తమ్ముడి పొలం.

"ఆడి గట్టు కాడ ఏనాడైనా నాకు పిట్ట పడ్డాదేటి? ఆ మట్టే అంత."

సీసం నోట్లో పెట్టుకోకూడదు, విషం అని చెప్పాను. గుళ్లు ఎడమ బుగ్గ నుంచి కుడి బుగ్గకి మార్చుకుని విన్నాడు. పిట్టల్ని కొట్టడం నేరం, అటవీ శాఖ వాళ్లు పట్టుకుంటే కేసు పెడతారు అని కూడా చెప్పాను.

"ఆళ్లు జీపులో వస్తారు, దారి తిరిగి. నాను గట్టు మీద అడ్డంగా వచ్చీస్తాను. ఆళ్లొచ్చీసరికి పిట్ట నీ కడుపులో ఉంటాది. అప్పుడు నిన్ను పట్టుకుంటారు గానీ నన్నేటి సేస్తారు?"

ఇది ఉత్త వేళాకోళం కాదు. నన్ను ఆయన తిండికి పిలిచేది నా మీద ప్రేమ పొంగి కాదు. వేటాడింది ఒక్కడూ కూర్చుని తినకూడదని వాళ్ల నాన్న పెట్టిన కట్టడి. భార్య ఎప్పుడో పోయింది. పిల్లల్లేరు. ఇంట్లో ఒకటే కంచం. అందుకని పిట్ట దొరికిన రోజున కిటికీ కింద నిలబడి "డాట్రూ, ఆకలేస్తందా?" అని అరిచేవాడు. వెయ్యడం లేదంటే కోపం. వేస్తోందంటే, "ఏటోలే, ఎప్పుడూ తిండి గోలే నీకు" అని ఎత్తిపొడుపు. ఆ ఊళ్లో నా ఒంటరితనానికి ఉన్న మందు ఆ ఎత్తిపొడుపే. ఆయనకి మందు నేనని అప్పట్లో అనుకునేవాణ్ణి. కాదు.

కూర దించగానే మూడు వాటాలు వేసేవాడు. ఒకటి నాకు, ఒకటి తనకి. మూడోది, అన్నిట్లోకీ మంచి ముక్కలున్నది, టేకాకులో పెట్టి తీసుకెళ్లి పెరట్లో గోడ మీద పెట్టేవాడు. గోడ ఛాతీ ఎత్తుంటుంది. అవతల తమ్ముడిల్లు. ఒకప్పుడు ఒకటే ఇల్లు, ఒకటే పెరడు. నడిమధ్యన గోడ కట్టి రెండు చేశారు. ఆకు పెట్టి వెనక్కి వచ్చి, గుమ్మంలో గోడకి వీపు తిప్పి కూర్చునేవాడు. కంచం ముందే ఉండేది, ముట్టేవాడు కాదు.

"డాట్రూ, సూడు. లేసిందా?"

నేను మెడ చాచి చూసేవాణ్ణి. ఆకు అక్కడే ఉంటే ‘లేదు’ అనేవాణ్ణి. కూర చల్లారిపోయేది. కాసేపటికి చూస్తే గోడ ఖాళీ. "లేచింది మావా" అంటే అప్పుడు చెయ్యి కడుక్కునేవాడు. తనంతట తాను తిరిగి ఒక్కసారీ చూసుకోలేదు.

అన్నదమ్ములకి మాటల్లేవు. నేను ఆ ఊరు వెళ్లేసరికే ఆ గోడ మీద నాచు పట్టి ఉంది. కారణం ఊరంతా చెబుతుంది. తల్లి పోయిననాడు పెద్దకొడుకు ఇంట్లో లేడు. తుపాకీ పట్టుకుని చేలల్లో ఉన్నాడు. తిరిగొచ్చేసరికి ఆవిణ్ణి అరుగు మీదికి దించేశారు. భుజాన తుపాకీ, చేతిలో వేలాడుతున్న కంజు పిట్ట. ఆ అవతారంలో అన్నని చూసి తమ్ముడు పదిమందిలో అనేశాడట: "తల్లి నోట్లో నీళ్లు పొయ్యాల్సినోడు పిట్టల ఎనకాల తిరుగుతన్నాడు. ఇంక నీతో నాకు మాట నేదు." అన్న నోరెత్తలేదు. కర్మకాండ అయ్యాక గోడ లేచింది.

ఇంతవరకూ ఊరికి తెలుసు. తెలియనిది నాకు ఆయనే చెప్పాడు. ఒకరోజు గట్టు మీద కూర్చుని గుళ్లు చేతిలోకి ఉమ్మి, లుంగీతో తుడుస్తూ, ఎదురుగా చూస్తూ చెప్పాడు.

"అమ్మే అడిగినాదిరా. కంజు పులుసు తిని పోతాను నాయినా అన్నాది. ఆ పొద్దు బేగి దొరకనేదు. ఎతికి ఎతికి కొట్టినాను."

"ఆ మాట తమ్ముడికి చెప్పలేదా?"

"ఆడు అడగనేదు."

"అడక్కపోతే చెప్పకూడదా?"

"అందరి ముందరా ఆ మాటన్నాక ఏటి సెప్పుతాం. సెప్తే, అమ్మ మీద తప్పు ఎట్టీసినట్టుంటాది." గుళ్లు మళ్లీ బుగ్గలో వేసుకుని, "ఆడు తెలుసుకోవాల" అన్నాడు. ఆ తర్వాత దగ్గరలో వాలిన గువ్వని కూడా కొట్టలేదు.

నాకు ఒళ్లు మండింది. ఒక్క మాట. గోడ అవతలికి గట్టిగా అరిచినా వినపడే మాట. దానికోసం ఈయన పిట్టల్ని కొట్టి ఆకులు పెట్టుకుంటూ కూర్చున్నాడు! ఆయన ఏళ్ల తరబడి చేస్తున్న వేట అసలు దేనికోసమో నాకప్పుడు తెలిసింది. ఆకు లేచిన రోజున తమ్ముడు తనని పూర్తిగా వదిలెయ్యలేదని ఆయన లెక్క. ఆ రోజున అన్నం సయించేది.

ఒకసారి తమ్ముడింట్లో గేదె ఈనలేక అవస్థ పడుతుంటే నాకు కబురొచ్చింది. నేను సంచీ పట్టుకుని బయల్దేరుతుంటే మావ కిటికీ దగ్గరికి వచ్చి, ఎటో చూస్తూ అన్నాడు:

"ఎలాగూ ఎల్తన్నావు గదా. ఆకులోది ఆడు తింతన్నాడో, కుక్కకి ఏస్తన్నాడో కనుక్కో. నానడిగినానని సెప్పకు."

గేదె ఈనింది. దూడ లేచి నిలబడ్డాక తమ్ముడు నీళ్ల కోసం బావి దగ్గరికి వెళ్లాడు. ఆయన భార్య నా చేతికి సబ్బు అందించింది. మెల్లిగా అడిగాను. ఆవిడ బావి వైపొకసారి చూసి గొంతు తగ్గించింది.

"ఆయన తినరు బాబూ. మేమే తింతాం. అమ్మ పోయినకాడ్నించీ పిట్టమాంసం నోట ఎట్టనేదు. గానీ ఆకు మాత్రం మమ్మల్ని ముట్టనివ్వరు. ఎంత పనిలో ఉన్నా ఆయనే ఎల్లి, రెండు సేతుల్తో అందుకుని తెచ్చి నా సేతిలో ఎడతారు. తుపాకీ సప్పుడు ఇనపడితే సాలు, పెరట్లోనే తిరుగుతారు."

తిరిగొచ్చి మావకి ఏం చెప్పాలా అని ఆలోచించాను. తినడం లేదని చెప్పబుద్ధి కాలేదు. "ఆకు తీసుకునేది తమ్ముడే మావా. రెండు చేతులతో" అన్నాను. మర్నాడు పొలంలో ఎదురుగా కూర్చున్న కొంగకి గురి తప్పాడు. తప్పు నాదనలేదు, గాలిదనలేదు, తమ్ముడి మట్టిదీ అనలేదు. ఒక్కడే నవ్వుకుంటూ గట్టు దిగాడు.

మావ గురించి చెప్పేటప్పుడు కాకుల సంగతి చెప్పకపోతే కుదరదు. ఆయన కాకిని ఏనాడూ కొట్టలేదు. తినని దాన్ని కొట్టడం ఎందుకనేవాడు. అయితే ఆ మాట కాకులకి తెలియదు కదా. వీధిలో ఆడవాళ్లు ఎండుచేపలు ఆరబోసుకుంటే చాలు కాకులు దిగేవి. "మావా, ఒకపాలి తుపాకీ సూపించి ఎల్లవా!" అని కేక పెట్టేవారు. ఈయన గుండు కూడా పెట్టకుండా, రాజుగారిలా వచ్చి తుపాకీ అలా పైకెత్తేవాడు. అంతే, వీధిలో ఒక్క కాకి ఉండేది కాదు. అన్నీ వెళ్లి చింతచెట్టు చివర కూర్చుని అక్కణ్ణించి తిట్టేవి. కర్ర చూపిస్తే కదలని కాకి తుపాకీకి కదిలేది. ఆ గర్వం ఆయనకి చాలా ఉండేది. "ఊర్లో నన్ను గౌరవించేవి ఇయ్యే" అనేవాడు. ఆయన పెరట్లో కాకి వాలడం నేనెప్పుడూ చూడలేదు.

తర్వాత నాకు శృంగవరపుకోట బదిలీ అయింది. బస్సెక్కిస్తూ, "పోతే పో. నాకొక వాటా తగ్గినాది" అన్నాడు. అలా అనేశాడే గానీ బస్సు కదిలేదాకా అక్కడే ఉన్నాడు.

మళ్లీ నేను వెళ్లేసరికి చాలా కాలమైంది. మావ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. తుపాకీ గోడకి ఆనించి ఉంది, కర్ర నూనెతో మెరుస్తోంది. నేను ఎదురుగా నిలబడినా గుర్తుపట్టలేదు. దగ్గాను. "ఒరే డాట్రూ!" అన్నాడు. గురిచూసే కన్నుకి శుక్లం కమ్మేసింది. రెండోది మొదట్నుంచీ అంతంతమాత్రమే. ఆపరేషన్ చేయించుకోమన్నాను, విజయనగరం నేను తీసుకెళ్తానన్నాను. "సూద్దాం" అన్నాడు. ఆయన సూద్దాం అన్నాడంటే ఇక లేనట్టే.

"మరి గోడ మీద..." అని ఆగాను.

"ఏటి పెట్టీది? పిట్ట పడతాదేమోనని నెల్లాళ్లు సూసినాను. తరవాత చీపురుపల్లి నుంచి కోడిమాంసం తెప్పించి వండినాను. బాగానే వండినాను. ఆకులో ఎట్టినాను." చేత్తో అరుగు రాస్తూ కూర్చున్నాడు. "లేవనేదు. మాపటిదాకా అలాగే ఉన్నాది. నాకు కనపడదు గదా, ఎల్లి సేత్తో తడుముకున్నాను. ఉన్నాది. మరి ఒకపాలి ఎల్లి తడుముకున్నాను. అలాగే ఉన్నాది."

"తమ్ముడు ఇంట్లో లేడేమో."

"దగ్గు ఇనపడినాది. ఇంట్లోనే ఉన్నాడు." మళ్లీ తనే అన్నాడు, "కొన్నది ఆడికెందుకు? ఆడికీ తెలుసు కొట్టెక్కడుందో. కొన్నది వాటా అవదు."

ఆ రోజు సాయంకాలం నన్ను తీసుకుని చేలోకి నడిచాడు. చెప్పులు ఎప్పట్లాగే గట్టు దగ్గర విడిచాడు. గువ్వ కూత వినపడిన వైపు తుపాకీ ఎత్తి, "ఎక్కడున్నాది?" అన్నాడు. నేను చెయ్యి పట్టుకుని గొట్టం తిప్పాను. "నిలబడమ్మా, నిలబడు" అన్నాడు. ఠప్. గువ్వ లేచిపోయింది. ఎవరి తప్పూ అనలేదు. ఆయన ఎవర్నీ తిట్టకపోవడం అంత బాధగా ఉంటుందని నాకు తెలియదు. తిరిగి వస్తున్నప్పుడు నా భుజం పట్టుకుని నడిచాడు. ఇంటికొచ్చి ఇద్దరం పప్పు, గొడ్డుకారం వేసుకుని తిన్నాం. మధ్యలో ఒకసారి అలవాటుగా "లేసిందా?" అనబోయి, నోట్లోనే నొక్కేసుకున్నాడు.

ఆయన పోయినట్టు నాకు ఫోన్ చేసింది తమ్ముడి భార్య. తలకొరివి తమ్ముడే పెట్టాడట. ఒక్క మాట మాట్లాడకుండా పెట్టాడట.

దినం రోజుకి వెళ్లాను. పిండం, మావకి ఇష్టమైనవన్నీ వండి ఆకులో సర్ది ఆ గోడ మీదే పెట్టారు. కోడికూర కూడా ఉంది. పక్కన తుపాకీని గోడకి ఆనించి, గొట్టానికి బంతిపూల దండ వేసింది మావ మరదలు. "ఆయన పేణమంతా దాన్లోనే ఉండీది గదా" అని కళ్లు తుడుచుకుంది. అందరం దూరంగా జరిగి నిలబడ్డాం.

కాకులు వచ్చాయి. వచ్చి చింతచెట్టు చివర కూర్చున్నాయి. అరుస్తున్నాయి, దిగడం లేదు. ఎండెక్కింది. పెద్దలు ఒకరి మొహాలు ఒకరు చూసుకోవడం మొదలుపెట్టారు. "ఏటో కోరిక ఉండిపోనాది మావకి" అన్నారు. ఒకాయన చుట్ట వెలిగించి ఆకు పక్కన పెట్టాడు. ఇంకొకాయన సారా పోశాడు. "నీ పొలం బీడు ఎట్టం మావా, ముట్టు" అని ఒకరు, "నీ పేరున పదిమందికి అన్నం ఎడతాం" అని ఒకరు. కాకులు చెట్టు దిగలేదు.

నాకు అప్పుడు తట్టింది. ఎండుచేపలు కాపాడుకున్న ఆడవాళ్లందరూ అక్కడే ఉన్నారు, ఒక్కరికీ తట్టలేదు. దండ పడ్డాక ఆ తుపాకీ ఎవరికీ తుపాకీలా కనపడడం లేదు. కాకులకి మాత్రం కనపడుతోంది. దాన్ని అక్కణ్ణించి తీసేద్దామని ఒక అడుగు వేశాను. అదే సమయంలో తమ్ముడు తడిబట్టలతో లేచి గోడ వైపు నడిచాడు. నేను ఆగిపోయాను.

గోడ మీద రెండు చేతులూ పెట్టి నిలబడ్డాడు.

"అన్నా" అన్నాడు. "అమ్మ పిట్టనడిగినాదని నాకు తెలుసు. గుమ్మంలోనే ఉన్నాను, ఇన్నాను. నువ్వు అమ్మ కోసరమే ఎల్లినావు. అదీ తెలుసు. అమ్మకి ఊపిరి తీసుకోడం కట్టమైపోతంటే ఇంట్లో నానొక్కణ్ణే ఉన్నానన్నా. నిన్ను పిలిసినాను. ఎన్నిపాల్లు పిలిసినానో. పలికీవోడు నేడు. బయపడిపోనాను. ఆ కోపంలో అన్నాను. అంతే, ఇంకేటీ నేదు. ఎనక్కి తీసుకుందారంటే గోడ కట్టీసినాం."

ఊరు ఊరంతా చెవులప్పగించి నిలబడింది. మరదలు కొంగు నోట్లో కుక్కుకుంది.

"నీ ఆకు ఒక్కనాడూ ఒకరి సేత తీయించనేదు. నానే అందుకున్నాను. కోడిమాంసం ఎట్టిన్నాడు మాత్రం అందుకోనేకపోనాను. అది సూసినాకే నీకు కన్ను పోనాదని తెలిసినాది. గోడకి ఇటుపక్క కూకుని ఏడిసినాను. నువ్వు తడుముకున్నావు, రెండుపాల్లు. నీ సెయ్యి సూసినాను నాను. పట్టుకోనేకపోనాను." ఆకులోంచి ఒక ముక్క తీసి నోట్లో పెట్టుకున్నాడు. నమలలేక నమిలాడు. "ఇదిగో, తింతన్నాను. దా అన్నా. నీ వాటా నువ్వు తిను."

అందరూ తమ్ముణ్ణే చూస్తున్నారు. నేను మెల్లిగా వెళ్లి, దండతో సహా తుపాకీని తీసుకుని ఇంట్లోకి నడిచాను. తలుపు చాటున నిలబెట్టాను. తిరిగి గుమ్మంలోకి వచ్చేసరికే గోడ మీద ఒక కాకి ఉంది.

"ముట్టినాది! ముట్టినాది!" ఆడవాళ్లు ఘొల్లుమన్నారు. తమ్ముడు గోడకి చేరబడి అలాగే కిందికి జారి కూర్చుండిపోయాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మరదలు అటూ ఇటూ వెతుక్కుంది. "తుపాకీ ఏదండీ, గోడకాడ ఎట్టినాను?" ఎండకి కర్ర పాడవుతుందని లోపల పెట్టానన్నాను. నేను బయల్దేరుతుంటే తమ్ముడు బస్సుదాకా వచ్చాడు. అన్నలాగే కాస్త వంగిన మెడ. తుపాకీ పట్టని మనిషికి ఆ వంపు ఎలా వచ్చిందో.

"డాట్రుగారూ, మా అన్న ఇన్నాడంటారా?"

"వినకపోతే కాకి ఎందుకు వస్తుంది?" అన్నాను.

ఇప్పటికీ తమ్ముడికి అసలు సంగతి చెప్పలేదు. చెప్పను కూడా. జాతరలో ఆ బుడగల కొట్టు ముందు నిలబడి నాకు ఒకటే అనిపించింది. మావ బతికుండగా ఆ గోడ అవతలి నుంచి "దా అన్నా, తిను" అన్న ఒక్క మాట వినపడి ఉంటే, కాకికి ఒక్క మెతుకు మిగిల్చేవాడు కాదు.